గుల్లాయన గోడ

ఆ ఊళ్ళో నాలుగు కాలాలపాటు నిలబడ్డ కట్టడం ఏది చూసినా దాని పునాది చెరువులోంచి వచ్చిందే. కోర్టు, జైలు, ఆసుపత్రి, పెద్దబడి, పన్నులాఫీసు అన్నీ ఒక తల్లి పిల్లలే. తీర్పు చెప్పే ఆయనా, ఆ తీర్పు విని లోపలికి పోయే ఆయనా ఒకే రాతి మీద కూర్చుంటారు, కుర్చీ తేడా అంతే. ఈ సంగతి గుల్లాయన అడిగినవాళ్ళకి చెప్పేవాడు, అడగనివాళ్ళకి ఇంకా వివరంగా చెప్పేవాడు. వినేవాళ్ళు ఆవలించేవారు. పునాది సంగతి ఎవడికి కావాలి, మేడ మీద గాలి బాగా వస్తే చాలు.

పుస్తకాల్లో దాన్ని సరస్సు అని రాస్తారు. ఊళ్ళో వాళ్ళకి మాత్రం అది చెరువే. అవతలి ఒడ్డు కనబడదు, గాలి లేస్తే మనిషెత్తు అలలు వస్తాయి, అయినా చెరువే. దాని అడుగున ఒడ్డు వెంబడి పలకరాళ్ళు పొరలు పొరలుగా ఉండేవి, ఎవరో పెద్దమనిషి ఇల్లు కట్టబోయి సామాను దింపించి మర్చిపోయినట్టు. వాటిని పైకి తీయడం గుల్లాయన తాతల నాటి పని. అడుగు చదునుగా ఉండే పడవ, పొడుగాటి గెడ, గెడ చివర రెండు కొమ్ముల ఇనప కొక్కెం, ఇంతే సరంజామా. పడవ అంచున నిలబడి గెడ నీళ్ళలోకి దించాలి. కంటికి కనబడని రాయి అంచుని కొక్కెంతో తడమాలి. సందు దొరికిందా, ఒక్క కుదుపుతో పెళ్ళగించి పైకి లాగాలి. లాగేటప్పుడు పడవ ఒకవైపు ఒరుగుతుంది, అప్పుడు మనిషి రెండోవైపు ఒరగాలి. ఒరగడం రానివాళ్ళు ఇప్పటికీ చెరువులోనే ఉన్నారు.

ఆ పని జోరుగా సాగిన రోజుల్లో రేవంతా పడవలే. ఒక్కో ఇంటివాళ్ళు ఒక్కో రంగు పూసుకునేవారు. పొద్దున ఖాళీగా ఎగురుకుంటూ పోయిన పడవలు సాయంత్రం అంచుల దాకా నీళ్ళలో కూరుకుని నిండు చూలాలిలా మెల్లగా వచ్చేవి. గుల్లాయన కుర్రతనంలో అందరికంటే దూరం పోయేవాడు. పెళ్ళయ్యాక ఆ వైపు చూడటం మానేశాడు. ఏమయ్యా అంటే, “ఒడ్డున దొరికేదానికి నడిచెరువుకి పోయేవాడు వెర్రివాడు” అనేవాడు. ఊరు నమ్మింది. బద్ధకానికి వేదాంతం పూస్తే నమ్మని ఊరు ఉండదు.

అసలు విద్య పడవలో లేదు, రేవులో ఉంది. రాయిని ఎవరూ తూచరు. అంత బరువు మోసే త్రాసు ఎవడి దగ్గరుంది? తెచ్చిన రాయిని రేవులో కుప్పగా పేర్చాలి. కాంట్రాక్టరు తరఫు మనిషి టేపు పెట్టి పొడవూ వెడల్పూ ఎత్తూ కొలుచుకుంటాడు. అంటే కొనేవాడు రాయినీ, రాళ్ళ మధ్య ఉన్న గాలినీ ఒకే ధరకి కొంటున్నాడన్నమాట. ఈ సత్యం తెలిసిన రోజునే మన కథానాయకుడి జన్మ ధన్యమైంది. రాయి తీయాలంటే నడుం విరగాలి, గాలి ఊరికే వస్తుంది.

ఆయన కుప్ప బయటి నుంచి చూస్తే రాయికీ రాయికీ మధ్య కత్తి మొన కూడా దూరదు. లోపల మాత్రం పలకలు ఏటవాలుగా ఒకదానికొకటి ఆనించి ఉంటాయి, మధ్యలో మేక కాపురం పెట్టొచ్చు. పైన పటారం, లోన లొటారం. గుల్లగా పేర్చడం రేవులో అందరికీ వచ్చు, కానీ వాళ్ళ కుప్పలు చెయ్యి ఆనిస్తే కూలేవి. గుల్లగా పేర్చి, దాని మీదకెక్కి, కొలిచే మనిషి ఎదురుగా ఈల వేస్తూ అటూ ఇటూ తిరగడం ఈయన ఒక్కడికే చేతనయింది. అలా వచ్చిందే గుల్లాయన అన్న పేరు. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉండేది గానీ, ఎవరైనా అలా పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూసేవాడు, ఎవర్ని పిలుస్తున్నారా అని.

ఇక కొలిచే మనిషి. ఆయన చేతిలో టేపుతోపాటు ఓ పొడుగాటి ఇనప చువ్వ ఉండేది. అనుమానం వస్తే కుప్ప సందులోకి పొడిచేవాడు. చువ్వ ఎంత లోపలికి పోతే డబ్బుల్లో అంత కోత. ఊరు ఆయన్ని కొలతాయన అనేది. గుల్లాయన మాత్రం బావా అనేవాడు, ఎందుకంటే కొలతాయన సాక్షాత్తూ ఆయన భార్యకి అన్నయ్య. చెల్లెల్ని ఇచ్చిన చేత్తోనే బావగారి కుప్పని పొడవాల్సిన ఉద్యోగం అది. ఏళ్ళ తరబడి ఆ చువ్వ అదేం చిత్రమో గుల్లాయన కుప్పలో రెండు వేళ్ళు దిగి ఆగిపోయేది. “మా బావ చువ్వకి నా పేర్పు లొంగదు” అని ఈయన మీసం దువ్వేవాడు.

ఒక్కరోజు మాత్రం లొంగింది. రేవంతా జనం చూస్తుండగా చువ్వ పిడి దాకా దిగింది, కొలతాయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు, కుప్ప పొట్ట విచ్చుకుని లోపలి గదులన్నీ బయటపడ్డాయి. నవ్వనివాడు పాపాత్ముడు. “ఏం గుల్లాయనా, కాపురానికి ఎప్పుడు దిగుతున్నావ్?” అన్నారెవరో. గుల్లాయన ఆ రోజే బావతో మాటలు మానేశాడు. దొంగతనం బయటపడ్డందుకు దొరికినవాడు అలగడం ఏ శాస్త్రంలో ఉందో తెలియదు, ఆయన మాత్రం ఏళ్ళకేళ్ళు దీక్షగా అలిగాడు. ఒకే గదిలో కూర్చున్నా “మీ అన్నయ్యకి చెప్పు, జరగమని” అని భార్యతో అనేవాడు. ఆవిడ కూడా ఇటు తిరిగి అటు తిరిగి చెప్పేది, మధ్యలో తన మాట ఓ రెండు కలిపి.

ఈలోగా ఒడ్డు కోసుకుపోతోందని పొలాలవాళ్ళు గోల చేశారు. అడుగున పలకలుంటే అల వాటి మీద పడి సగం చచ్చేది, పలకలు తీసేశాక నేరుగా వచ్చి మట్టిని నాకేస్తోంది. సర్కారుకి కోపమొచ్చి, ఒడ్డు దగ్గర్లో రాయి తీయకూడదని బోర్డు పెట్టింది. “ఆ బోర్డు పాతిన దిమ్మెకి రాయి ఇచ్చింది నేనే” అని గుల్లాయన చెప్పుకుని నవ్వేవాడు. బోర్డు ఉన్న చోట అందరూ చూస్తారు కాబట్టి, ఆయన తన ఇంటి వెనకాలే తీయడం మొదలుపెట్టాడు. ఇల్లు చెరువు గట్టు మీదే. పెరట్లో మెట్లు దిగితే పడవ, పడవలోంచి చూస్తే వంటింటి కిటికీ, కిటికీలో భార్య. అన్నం ఉడికిందని ఆవిడ గరిటె ఊపితే వచ్చి వేడివేడిగా తినేసి పోయేవాడు. కూర్చున్న కొమ్మ నరుక్కునేవాళ్ళని చూసి లోకం నవ్వుతుంది గానీ, నీడపట్టున నరుక్కోవడంలో ఉన్న సుఖం లోకానికేం తెలుసు?

తర్వాత సిమెంటు వచ్చింది. బస్తా విప్పి నీళ్ళు పోస్తే రాయి తయారవుతుంటే ఇక చెరువులో తడుముకునేవాడెవడు? ఒక్కో పడవా ఒడ్డెక్కింది. రేవులో అమ్ముడుపోని కుప్పలు నాచుపట్టి మిగిలాయి. గుల్లాయన చిన్నచిన్న మరమ్మతు పనులు చేసుకుంటూ అరవై దాటాడు. పిల్లల్లేరు. ఆయన, ఆవిడ, ముందు గది, నడిమి గది, వెనక వంటిల్లు. గోడలు మట్టి ఇటుకవి. ఊరందరికీ రాతి పునాదులు పంచినాయన తన ఇంటికి ఒక్క రాయీ వాడుకోలేదు. అమ్ముడుపోయే సరుకుని ఇంట్లో పెట్టుకునేంత అమాయకుడు కాదు మరి.

అప్పుడు చెరువు వచ్చింది. తొందరేం లేదు దానికి. ఓ వానాకాలం పెరటి మెట్లు తీసుకుంది. మరుసటేడు కంచె. ఆ తర్వాత స్నానాల గది, తలుపు గొళ్ళెంతో సహా. ఈసారి వానలు వెలిశాక చూస్తే వంటింటి గోడకీ గట్టు అంచుకీ మధ్య ఓ మంచం వేసుకునేంత చోటు మిగిలింది. భార్య కిటికీలోంచి తొంగిచూసి, “ఇక అంట్లు తోముకోవడానికి బయటికి పోనక్కర్లేదు, చెయ్యి చాపితే చెరువే” అంది. నవ్వుతూనే అంది. కానీ ఆ రాత్రి నుంచి పక్క ముందు గదిలోకి మార్చింది.

వంటిల్లు పోతే ఇల్లు పోయినట్టే. ఇల్లు పోతే వెళ్ళడానికి ఈ లోకంలో ఒకే చోటుంది, కొలతాయన ఇల్లు. ఆయన అప్పుడే కబురు కూడా పంపాడు, మేడ మీద గది ఖాళీగానే ఉందని. మంచి మాటే. గుల్లాయనకి మాత్రం పుండు మీద కారం చల్లినట్టయింది. అరవై దాటాక ఇల్లరికం! అదీ తన కుప్ప పొట్ట చీల్చిన మనిషి ఇంట్లో, పొద్దున్నే ఆయన మొహం చూస్తూ, ఆయన తిండి తింటూ. “చెరువులో దూకుతాను గానీ ఆ గడప తొక్కను” అన్నాడు. “దూకడం దేనికి, కాస్త ఆగితే అదే వస్తుంది” అంది భార్య.

గోడ కట్టాలనుకున్నాడు. రేవులో కొనేవాడు లేక పడి ఉన్న రాయి ఉండనే ఉంది. తోపుడుబండి మీద తెచ్చుకుని, గట్టు కిందికి దిగి, నీటి అంచున మొదలుపెట్టాడు. అడుగు వరస వేస్తుంటే రాళ్ళు బంకమట్టిలోకి దిగబడ్డాయి. కూరుకుంటే ఇంకా గట్టిగా నిలుస్తుందిలే అనుకున్నాడు. మనిషికి అక్కర్లేని ఆలోచన వచ్చినప్పుడు ఇలాంటి సమాధానాలు తన్నుకుంటూ వస్తాయి.

వేసవి ముగిసేసరికి గోడ లేచింది. ఏం గోడ అది! గట్టు మీద నిలబడి జనం వరసగా చూసిపోయారు. “పనితనం పోలేదయ్యా నీకు” అన్నారు. గుల్లాయన మళ్ళీ మీసం దువ్వాడు. దాని మీదకెక్కి ఆ చివర నుంచి ఈ చివర దాకా ఈల వేస్తూ నడిచాడు కూడా.

తొలి గాలివానకి, నాలుగో పెద్ద అలకి, గోడ పొట్ట పగిలింది.

వాన తగ్గాక మొగుడూ పెళ్ళాం వెళ్ళి చూశారు. నున్నగా నిలబడ్డ ముందు వరస వెనకాల పలకలు ఏటవాలుగా ఒకదానికొకటి ఆని ఉన్నాయి. మధ్యలో గదులు, గదుల్లో నీళ్ళు. గుల్లాయన వంగి ఓ గదిలో చెయ్యి పెట్టి చూశాడు. దొంగబుద్ధితో చేసింది కాదు, ఒట్టు. మోసం చేయాలన్న తలపే లేదు. చేతులు వాటి పాటికి అవి, ఇన్నేళ్ళూ ఎలా పేర్చాయో అలాగే పేర్చేశాయి.

భార్య ఆ గదుల్ని కాసేపు చూసి, “ఎవరికి అమ్ముదామని కట్టారండీ దీన్ని?” అంది.

ఆ ఒక్క మాటకి ఆయన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడోరోజు మళ్ళీ మొదలెట్టాడు. ఈసారి ప్రతి రాయీ కూర్చోబెట్టి, తట్టి, సందుల్లో చిల్లరాళ్ళు కూరి, తనని తాను తిట్టుకుంటూ కట్టాడు. ఓ బారెడు లేచాక అనుమానమొచ్చి విప్పి చూసుకున్నాడు. గుల్లే. ఎక్కడ కన్ను తప్పిందో, ఏ రాయి దగ్గర చెయ్యి దగా చేసిందో అంతుబట్టలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. సంపాదించుకున్న బుద్ధి అంతకంటే మొండిది, అది కష్టపడి నేర్చుకున్నది కదా. తన గుల్ల తన కంటికే కనబడనంత గొప్పగా నేర్చుకున్నాడు. దాన్ని పట్టగలిగినవాడు ఊళ్ళో ఒక్కడే.

కొలతాయన వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. గుల్లాయన గేటు దగ్గర నిలబడ్డాడు. అలవాటు కొద్దీ “మీ అన్నయ్యకి చెప్పు” అనబోయి చూస్తే పక్కన భార్య లేదు.

“బావా,” అన్నాడు.

పేపరు దిగింది. “ఎవరూ? మేడ మీద గది చూసుకోవడానికా?”

“కాదు. గోడ పొడవాలి. నువ్వు.”

“రిటైరయ్యాను.”

“చువ్వ రిటైరవలేదుగా.”

కొలతాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, “కుప్ప కట్టినవాడే వచ్చి పొడవమని అడగడం నా సర్వీసులో లేదు బావా. ఆగు, చొక్కా వేసుకొస్తా” అని లేచాడు.

ఆ రోజు నుంచి గట్టు మీద రోజూ ఓ వేడుక. కొలతాయన స్టూలు వేసుకుని కూర్చుంటాడు. గుల్లాయన కింద కడతాడు. ఓ మూరెడు లేవగానే ఆయన దిగొచ్చి పొడుస్తాడు. సర్రున దిగుతుంది. “విప్పు” అంటాడు. విప్పుతాడు. కడతాడు. “విప్పు.” చూడటానికి వచ్చినవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని పోయేవారు. ఈ ముసలాళ్ళకి పనిలేదని ఊరు తీర్మానించింది.

ఒకరోజు వరసగా మూడోసారి విప్పించేసరికి గుల్లాయనకి తిక్క రేగింది. “వేలెడు గుల్ల! వేలెడు! ఇన్నేళ్ళు నిలువెత్తు గుల్లలు నీ కళ్ళ ముందే అమ్మాను, అప్పుడు కనబడలేదేం నీకు!”

కొలతాయన చువ్వని రాతికి ఆనించాడు. “కనబడలేదనుకున్నావా?”

“రెండు వేళ్ళు దిగి ఆగిపోయేదిగా!”

“అది ఆగలేదయ్యా, నేను ఆపేవాణ్ణి. నువ్వు అమ్మితేనేగా మా చెల్లెలు తినేది. ఆ ఒక్కరోజూ కాంట్రాక్టరు నా భుజం పక్కనే నిలబడ్డాడు. పొడవకపోతే నా ఉద్యోగం ఊడేది.” చువ్వ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. “అప్పుడు చెల్లెలి కోసం వదిలేశాను. ఇప్పుడు వదిలేస్తే చెల్లెలే మునుగుతుంది. విప్పు.”

గుల్లాయన విప్పాడు. జీవితమంతా తన గొప్ప విద్య అనుకున్నది బావగారి దయ అని తెలిశాక కూడా మనిషి రాళ్ళు మోయగలడని అప్పుడే తెలిసింది ఆయనకి. సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువగా, ఇన్నేళ్ళు తను మాటలు మానేసిన బావ మీద ఎక్కడ లేని ప్రేమ పుట్టుకొచ్చింది. అది ఎలా చెప్పాలో తెలియక, “స్టూలు నీడలోకి జరుపుకోరాదూ” అన్నాడు.

వానాకాలం గట్టిపడేలోపు గోడ పూర్తయింది. ఆఖరి రోజు కొలతాయన ఆ చివర నుంచి ఈ చివర దాకా పొడిచాడు. ఎక్కడా గోరంత దిగలేదు. గుల్లాయన చేతుల్లోంచి వచ్చిన మొట్టమొదటి నిజాయితీ గల పని అదే. భార్య ఇద్దరికీ టీ తెచ్చి, గోడ మీద చెయ్యేసి చూసి, “బాగుందండీ” అంది. పెళ్ళయ్యాక ఎత్తిపొడుపు లేకుండా ఆవిడ మెచ్చుకోవడం ఆయనకి గుర్తున్నంతవరకు లేదు.

పెద్ద గాలివాన ఓ మధ్యాహ్నం వచ్చింది. ముందుజాగ్రత్తగా సామాను మూటలు కట్టి వీధిలోకి చేర్చారు. బావా బావా గట్టు పక్కన తడుస్తూ నిలబడ్డారు. అల వచ్చి గోడని గుద్దింది, గోడ నవ్వింది. ఇంకోటి. ఇంకోటి. ఒక్క రాయి కదల్లేదు. గుల్లాయన కేక వేయబోయాడు.

అప్పుడు గోడ నడిచింది. పగల్లేదు, విడిపోలేదు. నిలబడ్డది నిలబడ్డట్టే, చెక్కు చెదరకుండా, కింద బంకమట్టి మీద జారుకుంటూ చెరువులోకి దిగిపోయింది. గుల్ల ఉంటే ముక్కలయ్యేదేమో, ఎంత బాగా కట్టారో అంత బాగా, ఏకంగా పోయింది. కొలతాయన బతుకంతా కుప్పల్ని పొడిచినవాడే గానీ, కుప్ప కింద ఏముందో చూడటం ఆయన ఉద్యోగం కాదు. ఏముందో తెలిసినవాడు గుల్లాయన. గోడ కాళ్ళు ఆనించుకోవడానికి అడుగున ఒకప్పుడు పలకలుండేవి. ఏళ్ళ తరబడి ఒక్కొక్కటే కొక్కెంతో లాగి, కోర్టుకీ జైలుకీ అమ్మింది ఆయనే.

పొద్దుగూకేలోపు వంటింటి గోడ పడింది. అరల్లో డబ్బాలు వరసగా ఇంకా నిలబడే ఉన్నాయి, ఊరంతా చూసింది. తర్వాత అవీ పోయాయి. నడిమి గది నిలువునా చీలింది. ఇరుగుపొరుగు నోళ్ళు చప్పరించి, తల ఊపి, వాన పెద్దదవుతుంటే ఇళ్ళకి పోయారు. కొలతాయన బండి మాట్లాడటానికి వెళ్ళాడు.

మూటల మధ్య ఇద్దరే మిగిలారు.

“కింద రాళ్ళు నేనే తీశానే,” అన్నాడు గుల్లాయన. “ఇంటి కిందవి. నేనే.”

“తెలుసు. కిటికీలోంచి చూస్తూ ఉన్నదాన్నేగా.”

“మరి వద్దని ఒక్కసారీ అనలేదేం?”

“ఎలా అంటాను? అక్కడ తీయమన్నది నేను. మన పెళ్ళైన ఏడాది ఇలాంటి వానకే రెండు పడవలు తిరిగి రాలేదు, గుర్తుందా? ఆ ఇళ్ళకి పలకరించడానికి వెళ్ళొచ్చి మీ చేతులు పట్టుకున్నాను, నా కిటికీకి కనబడేంత దూరంలోనే ఉండండి అని. మీరేమో నడిచెరువుకి పోయేవాడు వెర్రివాడని ఊరంతా టముకు వేసుకున్నారు. పెళ్ళాం మాట విన్నానని చెప్పుకోవడానికి నామోషీ.”

ఆయన పక్కనున్న మూట ముడి విప్పి మళ్ళీ కట్టాడు.

“మొగుణ్ణి ఉంచుకో, ఇల్లు నాకిచ్చెయ్ అంది చెరువు. ఇచ్చాను,” అంది ఆవిడ, కొంగుతో మొహం మీద వాననీళ్ళు తుడుచుకుంటూ. “మళ్ళీ అడిగినా అదే బేరం చేస్తాను.”

గుల్లాయనకి ఏడుపొచ్చింది. నడివీధిలో బాగుండదని దగ్గు వచ్చినట్టు నటించాడు గానీ ఆ నటన ఒక చిన్నపిల్ల కూడా నమ్మేది కాదు. బండి వస్తున్న చప్పుడైంది. ఆవిడ మూటల్లో తేలికైనది చూసి ఆయన చేతికిచ్చి, బరువైనది తను ఎత్తుకుంది.